కలరా పాక తగలబెట్టాక

ఆ యేడు కలరా నాకు రాలేదు. ఈ మాట ముందే చెప్పాలి. నాలుగు నెలలు ఆ పాకలో తిరిగి కూడా నాకేమీ కాలేదని, అదృష్టవంతుడినని మా ఊళ్ళో ఇప్పటికీ అంటూంటారు. తలూపి ఊరుకుంటాను. నాకు ఏమైందో అప్పట్లో నాకే తెలియదు. ఏడాది దాటింది గనక, ఇప్పుడు రాస్తున్నాను. ఆసుపత్రి కొలువులో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి, ఇది నాకూ ఉంది అనుకుంటే, వాళ్ళు ఒంటరివాళ్ళు కారని తెలియాలని నా కోరిక.

నా పేరు వెంకటరత్నం. రామచంద్రపురం తాలూకాలో ఒక పెద్ద ఊరి ఆసుపత్రిలో కంపౌండరుని. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. నాన్న పోయాక పొలం అన్నయ్య చూసుకున్నాడు. నాకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చు గనక మందులు కలపడం నేర్చుకుని ఈ కొలువులో చేరాను. ఆసుపత్రి అంటే పెంకుటింట్లో రెండు గదులు, ఒక వరండా. డాక్టరుగారు చెన్నపట్నం వైపు మనిషి. తెలుగు ఆగి ఆగి మాట్లాడేవారు. రోగుల్ని కడగడానికి, పక్కలు మార్చడానికి పైడమ్మ అని ఒక మనిషి ఉండేది. కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ పల్లె ఆమెది. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. నాకంటే పదేళ్ళు పెద్దది.

వైశాఖం

కాలువలు కట్టేసిన నెల అది. ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేస్తారు. కాలువ అడుగున మిగిలిన నీళ్ళు పచ్చబడి కంపు కొడతాయి. జనమంతా చెరువుల మీద పడతారు. మనుషులకీ పశువులకీ బట్టలకీ అదే చెరువు.

మొదట కుమ్మరి వీధిలో ఇద్దరు పోయారు. వారం తిరిగేసరికి నాలుగు వీధుల్లో వాంతులు, భేదులు. ఊరి బయట, చేలగట్టున తాటాకులతో పెద్ద పాక వేయించారు. జబ్బు పడ్డవాళ్ళని అక్కడికే తేవాలన్నారు. డాక్టరుగారు, నేను, పైడమ్మ ఆ పాకకి మారాం.

నా భార్య సుబ్బాయమ్మనీ, మా అయిదేళ్ళ సీతనీ ఆ రోజే బండెక్కించి తుని దగ్గర ఉన్న వాళ్ళ పుట్టింటికి పంపేశాను. అటు రైలు దారి వేయడానికి ఎక్కడెక్కడి కూలీలో వచ్చిపడుతున్న రోజులవి. అక్కడ మాత్రం జబ్బులు ఉండవా అని సుబ్బాయమ్మ అడిగింది. ఇక్కడకంటే నయమేనన్నాను. సీత నా పంచె పట్టుకుని వదలకపోతే వేళ్ళు విడదీసి బండిలో కూర్చోబెట్టాను.

ఆ తర్వాత ఊరు నన్ను వదిలేసింది. తప్పు పట్టడం లేదు, భయం అలాంటిది. మంగలి రావడం మానేశాడు. చాకలి బట్టలు తీసుకోలేదు. కోమటి దుకాణంలో నాకు కావలసినవి అరుగు మీద పెట్టి, వాళ్ళు లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవారు. జ్వరమనో తలనొప్పనో ఆరేళ్ళు మా ఇంటి గుమ్మం తొక్కినవాళ్ళు నన్ను చూసి రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవారు. ఆసుపత్రి వెనకున్న మందుల కొట్లో చాప వేసుకుని ఉండేవాడిని. నా అన్నం నేనే వండుకునేవాడిని. తెల్లవారి లేచిన దగ్గర్నుంచీ పాకకి వెళ్ళేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. పాకలో మాట్లాడేవాళ్ళు సాయంత్రానికి ఉండేవారు కాదు.

జ్యేష్ఠం

ఆ జబ్బు ఎలా ఉంటుందో వర్ణించను. చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళకి తెలియక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెప్పకపోతే నా కథ అర్థం కాదు. ఆ జబ్బు మనిషికి దాహం విపరీతం. ఒంట్లో నీరంతా పోతుంటే ఒళ్ళంతా నీళ్ళే అడుగుతుంది.

నీళ్ళివ్వకూడదని డాక్టరుగారి ఆజ్ఞ. నీళ్ళు పడితే వాంతి తిరగబెడుతుందని ఆయన చదువుకున్నారు. ఆయనకి నేర్పినవాళ్ళూ అలాగే చదువుకున్నారు. మా ఊరి పెద్దవాళ్ళూ ఆ మాటే అనేవారు, మా అమ్మా అనేది. తడిగుడ్డతో పెదవులు అద్దవచ్చు, అంతే. అందుకని ఎవరినీ నిందించను. డాక్టరుగారు ఆ పాకలో మాకంటే ఎక్కువ సేపు ఉన్నారు. మంచాల మధ్య తిరిగి తిరిగి ఆయన బూట్ల అడుగులు ఊడిపోయాయి.

నీళ్ళు అనే మాట రోజుకి ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. కొందరు అరిచేవారు. కొందరు దణ్ణం పెట్టేవారు. గొంతు పోయినవాళ్ళు నోరు మాత్రం తెరిచేవారు. మొదటి వారం నాకు ఏడుపొచ్చేది. తర్వాత వినకుండా ఉండటం నేర్చుకున్నాను. మందు చుక్కలు లెక్కపెట్టుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, మంచం నుంచి మంచానికి వెళ్ళేవాడిని. అప్పుడు అది ధైర్యమనుకున్నాను. నా జబ్బు అక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

పైడమ్మ అలా కాదు. ప్రతి మనిషినీ పేరడిగేది. ఏ వీధి, ఎవరి తాలూకు, పిల్లలెందరు అని అడిగేది. స్పృహ లేనివాళ్ళయితే తెచ్చినవాళ్ళ వెంటపడి అడిగి తెలుసుకునేది. నాకు విసుగొచ్చేది. సాయంత్రానికి పోయేవాళ్ళతో ఈ కబుర్లెందుకని ఒకసారి అన్నాను కూడా. ఆమె నా వంక చూసి, తన పని తను చేసుకుంది.

ఆషాఢం

కాలువలు వదిలారు. ఎర్రనీళ్ళు వచ్చాయి. పడవలు మళ్ళీ తిరగడం మొదలైంది. ఇక జబ్బు తగ్గుతుందని డాక్టరుగారన్నారు. కానీ పడవల మీద కూడా జబ్బు మనుషులు రావడం మొదలైంది.

అప్పన్నని అలాగే తెచ్చారు. అప్పన్న మా కాలువ మీద పడవ నడిపే మనిషి. నేను అమ్మని చూడటానికి మా పల్లె వెళ్ళినప్పుడల్లా ఆరేళ్ళుగా అతని పడవలోనే వెళ్ళేవాడిని. నవ్వుతాల మనిషి. ఏ రేవులో ఎవరికి సంబంధం కుదిరిందో, ఎవరింట్లో గేదె ఈనిందో అన్నీ అతనికి తెలుసు. తోటి పడవవాళ్ళు అతన్ని గట్టు మీద దింపి, పడవ తోసుకుని వెళ్ళిపోయారు. నేనూ పైడమ్మా మోసుకొచ్చి మంచం మీద వేశాం.

నన్ను గుర్తుపట్టాడు. మధ్యాహ్నం దాకా మామూలుగానే మాట్లాడాడు. తర్వాత నీళ్ళడిగాడు. ఇవ్వకూడదన్నాను. అరవలేదు. దణ్ణం పెట్టలేదు. రేవులో బేరం ఆడినట్టు మెల్లగా అన్నాడు, "ఎన్నిసార్లు మీకు ముంచి ఇచ్చానండి బాబూ, ఒక్క గుక్క ఇవ్వండి."

నేను గుడ్డ తడిపి అతని పెదవుల మీద పెట్టాను. పెట్టగానే పళ్ళతో పట్టుకున్నాడు. పీల్చడం మొదలెట్టాడు. ఆ గుడ్డలో ఉన్న నీళ్ళెన్ని, చెంచాడు కూడా ఉండవు. కానీ ఆజ్ఞ ఆజ్ఞే. డాక్టరుగారు అవతలి వరసలో ఉన్నారు. నేను గుడ్డ లాగాను. అతను వదల్లేదు. ఇంకో చేత్తో అతని దవడ పట్టుకుని గట్టిగా లాగేశాను. గుడ్డ వచ్చేసింది. అతను నా వంక చూశాడు. కోపంగా కాదు. నేనెవరో మరిచిపోయినట్టు చూశాడు.

పొద్దు వాలకముందే పోయాడు.

మర్నాడు పైడమ్మ కుమ్మరి వీధి మనిషి ఒకామెకి తన ముంతలోంచి ఏదో తాగిస్తుంటే చూశాను. గంజి తేట. అందులో ఉప్పు వేసుకొచ్చింది. ఎన్నాళ్ళుగా ఇస్తున్నావని అడిగితే, అడిగినవాళ్ళకల్లా ఇస్తున్నానని, దాచకుండా చెప్పింది.

నేను వెళ్ళి డాక్టరుగారితో చెప్పేశాను.

ఎందుకు చెప్పానో అప్పుడు నాకున్న సమాధానం, ఆజ్ఞ తప్పడం ప్రమాదమని. అది అబద్ధం. ఆమె చేస్తున్నది తప్పయితేనే నేను అప్పన్నకి చేసింది ఒప్పవుతుంది. ఆమెది ఒప్పయితే నేనేమవుతాను? ఆ ఆలోచన లోపలికి రాకముందే తలుపు వేసేశాను. డాక్టరుగారు ఆమెని పిలిచి, ఇంక రావద్దన్నారు. ఆమె వాదించలేదు. ముంత కడుక్కుని, చెంగులో కట్టుకుని, కాలువ గట్టు వెంబడి నడిచి వెళ్ళిపోయింది. నేను మంచాల మధ్యే నిలబడి ఉన్నాను.

ఆ కుమ్మరి ఆవిడ బతికింది. అయిదో రోజున తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళింది.

శ్రావణం

తగ్గింది. ఎలా వచ్చిందో అలాగే పోయింది. పాకలో మంచాలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. నెలాఖరుకి పాక తగలబెట్టారు. ఊరంతా చేలగట్టు మీద నిలబడి చూసింది. తాసీల్దారుగారు వచ్చి డాక్టరుగారినీ నన్నూ పదిమందిలో మెచ్చుకున్నారు. కోమటి సెట్టిగారు ఎదురొచ్చి దణ్ణం పెట్టారు. మంగలి వచ్చి, నాలుగు నెలల గడ్డం తీస్తూ, మీలాంటివారు ఉండబట్టి ఊరు నిలిచిందండి అన్నాడు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. సంతోషమూ లేదు. అన్నీ అవతలి గట్టు మీద జరుగుతున్నట్టు ఉండేది.

భాద్రపదం

సుబ్బాయమ్మా సీతా తిరిగొచ్చారు. సీత బండి దిగి పరిగెత్తుకొచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. నా చేతులు శుభ్రంగా లేవని అన్నాను. అప్పటికి ఆ పొద్దుటి నుంచి నాలుగుసార్లు కడుక్కున్నాను. సీత ఆగిపోయి వాళ్ళమ్మ వైపు చూసింది.

అక్కడి నుంచీ మొదలైంది. లేదా, అక్కడి నుంచీ బయటపడింది. నిద్ర పట్టేది కాదు. పట్టినా గుడ్డ లాగుతున్నట్టు వేళ్ళు బిగుసుకుని మెలకువ వచ్చేది. చేతులు కడిగి కడిగి పగిలిపోయాయి. మంచినీళ్ళ చెంబు నోటి దగ్గర పెట్టుకుంటే గొంతు దిగేది కాదు. మజ్జిగ అయితే దిగేది, నీళ్ళు దిగేవి కావు. ఒకరోజు స్నానం చేసి వస్తుంటే సుబ్బాయమ్మ తడిపిన తువ్వాలు నా చేతికిచ్చింది. నేను దాన్ని విసిరేసి, పెరట్లోకి పోయి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆమె చాలాసేపు గుమ్మంలో నిలబడి, నేనేమైనా చెబుతానేమోనని చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఏడుపు మాత్రం రాలేదు. అదే నన్ను భయపెట్టింది.

ఆసుపత్రిలో పని చేస్తూనే ఉన్నాను. మందు కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడిని. ఎంతసేపు ఆగానో తెలిసేది కాదు. ఒక పసిబిడ్డకి పొయ్యాల్సిన మందులో వెయ్యకూడని సీసా వంచాను. బిడ్డ తల్లి, ఇది నిన్నటి రంగు కాదండి అనకపోతే ఏమయ్యేదో. చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి నడిచాను. కాలువ గట్టు మీద ఎంత దూరం వెళ్ళానో గుర్తులేదు. డాక్టరుగారే మనిషిని పంపి వెతికించారు.

ఆయన నన్ను తన గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. తిడతారనుకున్నాను. తన కుర్చీ నాకు వేసి, తను బల్ల అంచున కూర్చుని, తనకీ ఈ మధ్య పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం కనబడటం లేదని మెల్లగా చెప్పారు. సెలవు రాసిచ్చి, కాకినాడలో తనకి తెలిసిన పెద్ద డాక్టరుగారికి ఒక ఉత్తరం రాసిచ్చారు. ఆ రోజు ఆయన మొహం పరీక్షగా చూశాను. నాకంటే చిక్కిపోయి ఉన్నారు. ఇన్నాళ్ళూ ఒకే పాకలో ఉండి నేనది చూడలేదు.

ఆశ్వయుజం

సెలవు మీద మా పల్లెలో అమ్మ దగ్గరికి వెళ్ళాం. అమ్మకి నన్ను చూడగానే గాలి సోకిందని తేలిపోయింది. అంతమంది పోయిన చోట తిరిగాడు, ఎవరో పట్టుకునే ఉంటారని, మంత్రగాణ్ణి పిలిపించింది. వేపమండలతో దిగదుడిచారు. తాయెత్తు కట్టారు. నేను కాదనలేదు. ఎవరో పట్టుకున్న మాట నిజమే కదా అనుకున్నాను.

అన్నయ్యకి మాత్రం నా మీద మండిపోయేది. పొలాల్లో చేతినిండా పనులు. తిండి తినగలిగిన మగవాడు అరుగు మీద ఊరికే కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు, "జ్వరమా? లేదు. గాయమా? లేదు. ఏంటిరా మరి నీ జబ్బు? ఒక పేరు చెప్పు, మందు తెప్పిస్తాను." వెటకారం కాదు. పేరు చెబితే నిజంగానే తెప్పించేవాడు. నా మందుల కొట్లో సీసాలన్నీ వరసగా తలుచుకున్నాను. ఏ సీసా మీదా ఆ పేరు లేదు. అన్నం వదిలేసి లేచాను.

ఆ పూట సుబ్బాయమ్మ నా పక్కన వచ్చి కూర్చుని, నా చేతిపగుళ్ళకి వెన్న రాస్తూ అంది, "నేను తుని నుంచి వచ్చి రెండు నెలలైంది. మీరింకా రాలేదు."

ఎక్కడి నుంచి రాలేదో చెప్పాలని నోరు తెరిచాను. చెబితే, అప్పన్న దవడ పట్టుకున్న చేతికి తను వెన్న రాస్తున్నానని ఆమెకి తెలిసిపోతుంది.

కార్తీకం

కాకినాడకి అందరూ పడవలో వెళతారు. నేను పడవెక్కనన్నాను. ఎందుకని సుబ్బాయమ్మ అడగలేదు. అన్నయ్యే గొణుక్కుంటూ బండి కట్టించాడు. సీతని అమ్మ దగ్గర వదిలి ఇద్దరం వెళ్ళాం.

పెద్ద డాక్టరుగారి వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆరేళ్ళుగా నేను ఆసుపత్రి బల్లకి ఇటువైపే నిలబడ్డాను. అటువైపు కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తలుపు తెరిచినప్పుడల్లా అందరి మెడలూ ఒకేసారి లేస్తాయి. పేరు తమది కాకపోతే ఒకేసారి వాలిపోతాయి. మా ఆసుపత్రిలో తలుపు తెరిచి పేరు పిలిచి, ఆ మెడలకేసి చూడకుండా లోపలికి పోయేవాణ్ణి నేనే. పక్కనున్న ముసలాయన దగ్గుతూ దగ్గుతూ జరిగి, తన పైపంచె మడిచి రాతిబల్ల మీద వేసి, దాని మీద కూర్చోమన్నాడు. బల్ల చల్లగా ఉంది, నడుం పట్టేస్తుందన్నాడు. నాకేం జబ్బని అడగలేదు. ఆ పైపంచె మీద మూడు గంటలు కూర్చున్నాను.

పెద్ద డాక్టరుగారు నాలుక చూశారు, నాడి చూశారు, గుండె విన్నారు. ఏ జబ్బూ లేదన్నారు. విశ్రాంతి తీసుకోమని, సముద్రపు గాలి మంచిదని చెప్పి పంపేశారు. ఆయన ఏదైనా పెద్ద జబ్బు పేరు చెబుతారని ఎంత ఆశ పెట్టుకున్నానో బయటికి వచ్చాక తెలిసింది. మెట్ల మీద కూలబడ్డాను.

ఇంటికి వెళదామా అని సుబ్బాయమ్మ అడిగింది. అప్పుడన్నాను, ఈ ఊరవతల పల్లెలో పైడమ్మ ఉంటుందని, ఆమెని ఒకసారి చూడాలని.

పల్లెలో అడిగితే ఒడ్డున ఆఖరి గుడిసె చూపించారు. పైడమ్మ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. సుబ్బాయమ్మకి చాప వేసింది. నేను కూర్చోలేదు. దారంతా అనుకున్న మాట ఒక్కసారే అనేశాను.

"పైడమ్మా, డాక్టరుగారితో చెప్పింది నేనే."

"తెలుసండి బాబు. ఆ పూట పాకలో మీరే కదా ఉన్నారు."

నువ్వు గంజి తేట పట్టిన కుమ్మరి ఆవిడ బతికిందన్నాను. ఆమె చాలాసేపు చేపలు తిరగేసింది. తర్వాత చెప్పింది. తను ఇచ్చినవాళ్ళలోనూ పోయినవాళ్ళు ఉన్నారట. నీళ్ళే బతికించాయని తను అనలేనంది. తన మొగుడు సముద్రంలో ఎన్నాళ్ళు దాహంతో ఉన్నాడో తనకి తెలియదని, అందుకని అడిగినవాళ్ళకి లేదనలేకపోయానంది.

ఆమెకీ బాగాలేదు. తిరిగొచ్చిన కొత్తలో పల్లెవాళ్ళు వలల దగ్గరికి రానివ్వలేదు. ఆమె చేత్తో ముట్టిన చేప ఎవరూ కొనలేదు. ఇప్పుడు కాస్త నయం. కానీ చేపలు కడుగుతుంటే చేతికింద మనుషుల ఒళ్ళు తగిలినట్టు ఉంటుందంది. అలా అయినప్పుడు ఏం చేస్తావని అడిగాను.

ఒడ్డుకి వెళ్ళి వాళ్ళ పేర్లు పిలుస్తానంది. చాలామందిని ఎవరూ రాకుండానే తీసుకుపోయారు, పేరు పెట్టి ఏడ్చినవాళ్ళు లేరు, అందుకని తనే పిలుస్తుందట. అలా పిలిస్తే కాసేపు ఊపిరాడుతుందంది.

అందుకేనా పేర్లడిగేదానివన్నాను.

"ఆయ్. మనిషి పోయేటప్పుడు పేరైనా ఎవరి దగ్గరో ఉండాలి కదండి."

నన్నూ పిలవమంది. ఆమె ఒక పేరు, నేనొక పేరు. పాకలో రోగుల పుస్తకం రాసింది నేనే గనక పేర్లు నాకూ తెలుసు. కానీ నోటితో అనడం అదే మొదలు. ఎండ పెళ్ళున కాస్తోంది. ఒడ్డున పడవలకి తారు పూస్తున్నవాళ్ళు మా వంక చూసి మళ్ళీ పనిలో పడ్డారు. కుమ్మరి వీధి మొదటి ఇద్దరి దగ్గర్నుంచి మొదలుపెట్టాం. అప్పన్న దగ్గర నేను ఆగిపోయాను.

ఆ తర్వాత ఆ గుడ్డ సంగతి చెప్పాను. అతనన్న మాట, దవడ పట్టుకున్న చెయ్యి, లాగిన తీరు, అతను చూసిన చూపు, అంతా. పైడమ్మకే చెప్పాను గానీ సుబ్బాయమ్మ పక్కనే ఉంది. చెప్పడం అయ్యాక ఏడుపు వచ్చింది. ఇన్ని నెలలు రానిది ఒక్కసారే వచ్చింది. ఇసుకలో కూర్చుని, మొహం దాచుకోకుండా ఏడ్చాను. సుబ్బాయమ్మ దగ్గరికి జరిగింది. నా ఆ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. పైడమ్మ చేపలు వదిలేసి మా ఎదురుగా వచ్చి కూర్చుంది.

దాంతో జబ్బు కుదిరిపోయిందని చెబితే చదివేవాళ్ళని మోసం చేసినవాణ్ణవుతాను. మర్నాడూ నిద్ర పట్టలేదు. కానీ నాకున్నది ఏమిటో ఇంకొకరికి తెలుసు. చెప్పుకోడానికి ఇంట్లో మనిషి ఉంది. ఆ తేడా ఎంతో, లోపలే దాచుకున్నవాళ్ళకి తెలుస్తుంది. ఇలాంటి కొలువులో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. వినకుండా ఉండటం నేర్చుకోవద్దు. నేర్చుకుని ఉంటే, ఎవరో ఒకరికి చెప్పండి. డాక్టరుకే చెప్పాలని లేదు.

మార్గశిరం

ఇంకొకరికి చెప్పాల్సింది మిగిలింది. అప్పన్న భార్య నర్సమ్మ మూడు రేవుల అవతల ఉంటుంది. వద్దని అమ్మ గట్టిగా అంది. ఆరిపోయిన నిప్పు కెలకడం దేనికంది. సుబ్బాయమ్మ మాత్రం తనూ వస్తానంది. ఈసారి పడవలోనే వెళ్ళాం.

నర్సమ్మ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టింది. మా ఆయన మీ గురించి చెప్పేవాడండి, కంపౌండరుగారు నెలకోసారి వాళ్ళమ్మని చూడకుండా ఉండరని, అంది. ఆ మాట విన్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. అయినా చెప్పాను. ఏదీ తగ్గించలేదు.

ఆమె స్తంభానికి ఆనుకుని విన్నది. చివర్న ఒక్కటే అడిగింది.

"నన్ను తలుచుకున్నాడా అండి?"

తలుచుకున్నాడని చెప్పాలని నాలుక దాకా వచ్చింది. ఎంత తేలిక ఆ మాట. ఆమె కళ్ళలోకి చూసి, లేదమ్మా, నీళ్ళే అడిగాడు అన్నాను.

ఆమె తల తిప్పుకుంది. లోపల ఎవరో పిల్ల పిలిచింది, ఆమె పలకలేదు. స్తంభం వైపు చూస్తూనే మాట్లాడింది. ఒడ్డున దింపి వెళ్ళిపోయినవాళ్ళు ఏమీ చెప్పలేదట. ఎవరి చేతిలో పోయాడో, ఏమన్నాడో, అసలు పక్కన మనిషి ఉన్నాడో లేదో తెలియక, రోజుకో రకంగా ఊహించుకుంటూ ఉందట. ఇప్పుడు తెలిసిందంది. తర్వాత నా వంక చూసి అంది, "మీరు వచ్చి చెప్పారు. మంచిది. ఇంక రాకండి బాబు. మిమ్మల్ని చూస్తే ఆ గుడ్డే కనపడుతుంది నాకు."

దణ్ణం పెట్టి లేచాం. ఆ మాట న్యాయమైనది. అప్పటి నుంచీ ఆ రేవు దాటి వెళ్ళాను గానీ దిగలేదు.

తిరుగు పడవలో ధాన్యం బస్తాలు ఉన్నాయి. వాటికి చేరగిలబడ్డాను. గట్టు మీద మనుషులు పడవకి కట్టిన తాడు లాగుతూ ఏదో పదం పాడుకుంటున్నారు. ఎండ మెత్తగా ఉంది. సుబ్బాయమ్మ ఏదో అడుగుతోంది, వింటూనే ఉన్నాననుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి మా రేవు ఎప్పుడో వెనకబడిపోయింది. పడవవాళ్ళు లేపబోతే సుబ్బాయమ్మ వద్దందట. ఎంత దూరం వచ్చామని అడిగాను. రెండు రేవులంది. అక్కడ దిగి, గట్టు వెంబడి మా పల్లె వైపు ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం. దారిలో ఆమె తుని కబుర్లు చెప్పింది. తను వెళ్ళినప్పటి నుంచీ జరిగినవన్నీ, మొదటి రోజు నుంచి.